డాలస్ దగ్గర నల్లరేగడి

ప్రశ్న: అక్కా, మేం ఫ్రిస్కోలో ఉంటాం. మా అత్తయ్యగారు, మామయ్యగారు పర్చూరు దగ్గర పల్లె నుంచి వచ్చారు. నవంబరు దాకా ఉంటారు. గుళ్లు, మాల్స్, డౌన్‌టౌన్ అన్నీ అయిపోయాయి. మామయ్యగారు నలభై ఏళ్లు పొలం చేసిన మనిషి, సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ రోజు గడపడం ఆయన వల్ల కావడం లేదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. పోయిన శనివారం పులిహోర కలుపుకుని, గంటన్నర డ్రైవ్ చేసి ఒక స్టేట్ పార్కుకి (రాష్ట్ర ప్రభుత్వం నడిపే పార్కుకి) వెళ్తే, ఈ రోజుకి నిండిపోయిందంటూ గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఆ పులిహోర కారులోనే తిని ఇంటికొచ్చాం. "ఇంకెక్కడికీ వద్దులేమ్మా, మీకు శ్రమ" అంటున్నారు అత్తయ్యగారు. మళ్లీ ఎలా బయల్దేరదీయాలి?
- ఒక కోడలు, ఫ్రిస్కో

జవాబు: అమ్మాయీ, ముందు ఆ గేటు సంగతి చెప్తాను. ఈ ఊరు వచ్చిన కొత్తలో మాకూ అచ్చం ఇలాగే జరిగింది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో రోజుకి ఇంతమందే అని లెక్క ఉంటుంది. శని, ఆదివారాల్లో, స్కూలు సెలవుల్లో పొద్దున్నే నిండిపోతాయి. అందుకని ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో డే పాస్ బుక్ చేసుకోవాలి, 30 రోజుల ముందు నుంచీ తీసుకోవచ్చు. టికెట్టు మనిషికింత అని పార్కుని బట్టి ఉంటుంది, 12 ఏళ్లు, ఆ లోపు పిల్లలకి ఉచితం. ఏడాది పాస్ తీసుకుంటే కారులో ఎంతమంది ఉన్నా టికెట్టు అక్కర్లేదు. మీరు నలుగురు పెద్దవాళ్లు కాబట్టి కొన్నిసార్లు వెళ్తేనే ఆ డబ్బు తీరిపోతుంది. అయితే పాస్ ఉన్నా సరే, రద్దీ రోజుల్లో ఆ రోజుకి విడిగా బుక్ చేసుకుని తీరాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు. వీలైతే మీ ఇద్దరిలో ఒకరు ఒక మంగళవారమో బుధవారమో సెలవు పెట్టండి. పార్కు మొత్తం మీదే అన్నట్టు ఉంటుంది.

ఇక ఎక్కడికంటారా, మొదటిసారి దూరం వద్దు. సీడర్ హిల్ స్టేట్ పార్కుకి వెళ్లండి. డాలస్ డౌన్‌టౌన్ దాటాక అరగంట, మీ ఇంటి నుంచి గంట. పక్కనే జో పూల్ చెరువు ఉంటుంది. అందరూ ఆ నీళ్ల కోసమే వెళ్తారు. మీరు మాత్రం మామయ్యగారిని ముందు పెన్ ఫార్మ్ వైపు తీసుకెళ్లండి. 1850లలో వచ్చిన ఒక రైతు కుటుంబం అక్కడ తరతరాలుగా సేద్యం చేసింది. వాళ్ల కొట్టాలు, గాలిమర, పాత పనిముట్లు అలాగే ఉంచారు. గుర్రాలతో దున్నిన రోజుల నుంచి ట్రాక్టర్ దాకా ఆ పొలం చూసింది.

మా నాన్నది పెదనందిపాడు. ఒక సెప్టెంబరులో ఆయన్ని అక్కడికి తీసుకెళ్లాను. కొట్టం చూశారు, తల ఊపారు, ఏమీ మాట్లాడలేదు. తిరిగి వస్తుంటే బాట పక్కన నేల నెర్రెలు ఇచ్చి ఉంది, చెయ్యి దూరేంత నెర్రెలు. ఆయన చటుక్కున గొంతుకు కూర్చున్నారు. ఒక పెడ్డ తీసి బొటనవేలితో నలిపారు. కాస్త నీళ్ల సీసా ఇలా ఇవ్వమని రెండు చుక్కలు పోసి మళ్లీ నలిపారు. మట్టి వేళ్లకి జిగటగా అంటుకుపోయింది. "ఇది మన రేగడే కదే!" అన్నారు. ఆయన మొహంలో ఆ వెలుగు, ఆయన ఇక్కడున్న మూడు నెలల్లో అంతకుముందు నేను ఒక్కసారీ చూడలేదు.

నిజంగానే అది మన రేగడి లాంటిదే. డాలస్ చుట్టూ ఉన్న ఈ నేలని బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అంటారు. వాన పడితే ఉబ్బి, ఎండ కాస్తే పగిలే నల్ల బంకమట్టి. మన పత్తి పండే నేలా, ఇదీ ఒకే జాతివి. "అయితే ఇక్కడ పత్తి వేసి ఉంటారే" అన్నారు నాన్న. వేశారు. ఒకప్పుడు డాలస్ పెద్ద పత్తి మార్కెట్టు, ఇక్కడి పాత స్టేడియానికి కాటన్ బౌల్ అనే పేరు కూడా అందుకే. ఆ నేలంతా దున్నేసి, ఆ పైన ఇళ్లు కట్టేయగా, పూర్వపు గడ్డి మిగిలిన నేల ముక్కలు చాలా కొద్ది. వాటిలో కొన్ని ఆ పార్కులో ఉన్నాయి. నాన్న ఆ పెడ్డని తీసిన చోటే పెట్టేసి లేచారు. మీ మామయ్యగారు కవర్లో వేసుకుని తెస్తానంటే మాత్రం నచ్చజెప్పండి. పార్కులోంచి మట్టి, రాయి, పువ్వు ఏదీ తీసుకురాకూడదు.

పువ్వు అంటే గుర్తొచ్చింది, ఈ మాట అత్తయ్యగారికి ఇంట్లోనే చెప్పి బయల్దేరండి. పూజకని రెండు పూలు కోయడం, మిగిలిన అన్నం పిట్టలకి వేయడం మన పెద్దవాళ్లకి పుణ్యకార్యం. అక్కడ రెండూ కూడదు. మనిషి తిండి అలవాటైన జంతువు మనుషుల మీదకి వస్తుంది, చివరికి దానికే ప్రమాదం. అక్కడికెళ్లాక అందరి ముందూ వద్దంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటారు.

ఆవిడకి కావలసింది నడక కాదు, నీడలో ఒక బల్ల, దగ్గర్లో బాత్‌రూమ్. పార్కు మ్యాప్‌లో ముందు ఆ రెండూ చూసుకుని, వాటి పక్కనే కారు ఆపండి. వీపు ఆనుకునే మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్లండి, పార్కు బల్లలకి వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. పెరుగన్నం ఐస్ పెట్టెలో పెట్టండి. మంచినీళ్లు మీరు అనుకున్న దానికి రెట్టింపు. పొద్దున ఏడున్నరకల్లా అక్కడుండి, ఎండ ముదరకముందే వచ్చేయండి. గడ్డిలో చెప్పులతో వద్దు, ఎర్రచీమలు కుడితే నాలుగు రోజులు మంట.

ఇది బాగా జరిగితే, సెప్టెంబరులో గ్లెన్ రోజ్ అనే ఊరి దగ్గర డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కుకి వెళ్లండి. మీకు రెండు గంటల దారి. పలక్సీ నది అడుగున సున్నపురాతిలో డైనోసార్ అడుగులు ఉన్నాయి. 11 కోట్ల 30 లక్షల ఏళ్ల కిందట అది సముద్రం ఒడ్డు బురద. మూడు వేళ్లవి మాంసం తినేవాటివి, ఏనుగు పాదంలా గుండ్రంగా ఉన్న పెద్దవి ఆకులు మేసేవాటివి. 1940లో ఆ అడుగుల వరస కొంత కోసి న్యూయార్క్ మ్యూజియంకి కూడా పట్టుకెళ్లారు. నది నిండుగా ఉంటే ఏమీ కనపడవు, ఎండలకి నీళ్లు తగ్గాకే వెళ్లాలి. బయల్దేరే ముందు పార్కువాళ్ల పేజీలో నీటిమట్టం చూసుకోండి. నదిలోకి దిగాలంటే మెట్లు, ఆ తర్వాత పాచి పట్టిన రాళ్లు. అత్తయ్యగారిని దిగమని బలవంతం చేయొద్దు. లోపల రెండు పెద్ద డైనోసార్ బొమ్మలున్నాయి, 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో పెట్టినవి. ఆవిడకి వాటి దగ్గర ఫొటో తీయండి, ఊళ్లో మనవళ్లకి చూపించుకుంటారు.

వాళ్లు తిరుగు ప్రయాణం కట్టే ముందు ఓపిక ఉంటే క్యాడో లేక్. మూడు గంటల పైనే పడుతుంది, కాబట్టి ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. నీళ్లలోనే నిలబడ్డ సైప్రస్ చెట్లు, కొమ్మల నుంచి జడల్లా వేలాడే, నాచులా కనిపించే బూడిదరంగు మొక్కలు. నవంబరులో ఆ ఆకులు ఇటుక రంగుకి తిరుగుతాయి.

ప్రశ్న: మేం డెంటన్‌లో ఎంఎస్ చేస్తున్నాం. ఆరుగురం కలిసి ఏదైనా స్టేట్ పార్కులో క్యాంపింగ్ చేసి, చెరువులో ఈత కొట్టాలని ప్లాన్. ఏవి తీసుకెళ్లాలి?
- విద్యార్థులు

జవాబు: బాబూ, టెంటు సంగతి తర్వాత. మీ ఆరుగురిలో ఈత నిజంగా వచ్చినవాళ్లెంతమంది? ఊరి కాలవలో నడుము లోతు నీళ్లలో ఆడుకోవడాన్ని ఈత అనుకోకండి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఈత కొట్టే చోట లైఫ్‌గార్డులు ఉండరు. చెరువు అడుగు ఒడ్డు నుంచి నాలుగడుగుల్లోనే దిగిపోవచ్చు, పైకి చూస్తే తెలియదు. చదువుకోవడానికి వచ్చి నీళ్లలో పోయిన మన పిల్లల గురించి ప్రతి వేసవిలోనూ వింటున్నాను, ఆ తల్లుల్ని తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టదు. చాలా పార్కుల్లో లైఫ్ జాకెట్లు ఊరికే అరువిస్తారు, అడిగి వేసుకోండి. సిగ్గుపడొద్దు. మందు తాగి నీళ్లలో దిగొద్దు. ఒకడు మునుగుతుంటే రెండోవాడు దూకకూడదు, తాడో కొమ్మో అందించాలి, 911కి ఫోన్ చేయాలి.

క్యాంపు స్థలాలు ఐదు నెలల ముందు నుంచే బుక్ అవుతాయి, వారాంతం అప్పటికప్పుడు దొరకదు. ఫాల్ బ్రేక్‌కి, అంటే సెమిస్టరు మధ్యలో వచ్చే సెలవులకి, ఇప్పుడే చూసుకోండి. టైలర్ స్టేట్ పార్కు మీకు బాగుంటుంది, పైన్ చెట్ల మధ్య చిన్న చెరువు. రాత్రి పది దాటాక స్పీకర్లు కట్టేయాలి. పొయ్యి వెలిగించే ముందు ఆ కౌంటీలో మంటల మీద నిషేధం ఉందేమో కనుక్కోండి.

ప్రశ్న: మా మావగారికి చేపలు పట్టడం సరదా. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఫిషింగ్ లైసెన్స్ ఇస్తారా?
- ఒక పాఠకుడు, ఇర్వింగ్

జవాబు: స్టేట్ పార్కు లోపల ఒడ్డున గానీ, చేపలు పట్టేందుకు కట్టిన వంతెన మీద గానీ కూర్చుని పడితే అసలు లైసెన్సే అక్కర్లేదు. పడవెక్కితే మామూలుగా కావాలి. రోజుకి ఎన్ని, ఎంత పొడవువి ఉంచుకోవచ్చో గేటు దగ్గరే అడగండి. కొన్ని పార్కుల్లో గేలం కూడా అరువిస్తారు.