యూకేలో బిల్డింగ్ సర్వేయింగా, ఆర్కిటెక్చరా? రెండిట్లోనూ వేలు పెట్టినవాడి జవాబు

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చిందండి. పాప ఇయర్ 13, అంటే ఇక్కడ స్కూల్లో చివరి ఏడాది, తనకి ఆర్కిటెక్చర్ ఇష్టం, స్కూల్లో టీచరేమో బిల్డింగ్ సర్వేయింగ్ కూడా చూడమంది, ఇంతవరకూ బానే ఉంది, కానీ మీవారు "చైను పట్టుకుని తిరగడానికి డిగ్రీ ఎందుకు, మన మండలాఫీసులో సర్వేయర్లు లేరా" అన్నారని రాశారు చూడండి, అక్కడ. మా నాన్న కూడా అచ్చం ఇదే అన్నారు. 2013లో ఫోన్ చేసి నాన్నా నేను బిల్డింగ్ సర్వేయింగ్‌లో ఎమ్మెస్సీ చేరుతున్నా అంటే అవతల కాసేపు చప్పుడు లేదు, తర్వాత "అయిదేళ్ళు ఆర్కిటెక్టు చదివించింది పొలం గట్లు కొలవడానికా రా" అన్నారు. ఇప్పటికీ కాకినాడ వెళ్తే ఎవరో ఒకరు మా స్థలం హద్దులు చూసిపెట్టమని అడుగుతారు.

నా సంగతి ముందు చెప్పేస్తా, లేకపోతే ఎవడో ఏదో వాగుతున్నాడు అనుకుంటారు. హైదరాబాద్‌లో బి.ఆర్క్ చేశా. మా ఆవిడ నర్సు, తన డిపెండెంట్‌గా 2011లో లెస్టర్ వచ్చా. ఇక్కడ ఒక చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసులో అసిస్టెంట్‌గా చేశా, తర్వాత ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌లో సర్వేయింగ్ చదివా, ఇప్పుడు చార్టర్డ్ (సర్వేయర్ల వృత్తి సంస్థ ఆర్ఐసీఎస్ ముద్ర పడిన) బిల్డింగ్ సర్వేయర్‌ని.

భూమి కొలిచేవాళ్ళు వేరు. కట్టడానికి ఎంతవుతుందో లెక్క కట్టే క్వాంటిటీ సర్వేయర్ వేరు. బిల్డింగ్ సర్వేయర్ పని ఏంటంటే ఆల్రెడీ ఉన్న బిల్డింగ్ ఏ స్థితిలో ఉంది, ఎందుకు పాడవుతోంది, ఎలా బాగు చెయ్యాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి. ఆ చివరిదే సగం ఉద్యోగం అని కాలేజీ బ్రోచర్లలో సరిగ్గా చెప్పరు. మనకి ఉమ్మడి గోడ తగాదాలు తెలుసు కదా, ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని తేల్చేవి, ఇక్కడ దానికి 1996లో పార్టీ వాల్ చట్టం అని ఒకటి చేశారు. పక్కింటాయన గోడ కదిపితే వీళ్ళకో సర్వేయరు, వాళ్ళకో సర్వేయరు, ఆ ఇద్దరూ కలిసి ముందే మూడో సర్వేయర్ని అనుకుని పెట్టుకుంటారు, వీళ్ళిద్దరికీ కుదరకపోతే ఆయన చెప్పిందే మాట. పెద్దమనుషుల పంచాయితీయే, కాకపోతే గంటకి ఫీజు. షాపులు, ఆఫీసులు లీజు అయిపోయి ఖాళీ చేసేటప్పుడు ఏది ఎవరు బాగు చేయించాలి అనే గొడవ ఇంకోటి, డైలాపిడేషన్స్ అంటారు, ఆర్కిటెక్చర్ చదివినవాళ్ళు ఆ పేరు కూడా వినరు.

ఇప్పుడు నేను ఎందుకు ఇటు మళ్ళానో ఒక్క ఇల్లు చూపిస్తా. 2014 ఫిబ్రవరి, పనిలో చేరిన కొత్త, లెస్టర్‌లోనే ఒక పాత విక్టోరియన్ టెర్రస్ ఇల్లు, అంటే గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన పాతకాలపు ఇళ్ళలో ఒకటి. ముందు గదిలో గోడకి చెమ్మ, కింద నుంచి మీటరు ఎత్తు దాకా వాల్‌పేపర్ ఉబ్బిపోయింది, కింద చెక్క పట్టీ వేలితో నొక్కితే లోపలికి పోతోంది. ఓనరు అప్పటికే ఎవరో డ్యాంప్ కంపెనీ వాళ్ళని పిలిస్తే వాళ్ళు గోడకి వరసగా కన్నాలు పెట్టి కెమికల్ ఎక్కించాలి అని కొన్ని వేల పౌండ్లు కొటేషన్ ఇచ్చారు. మా సీనియర్ నా చేతిలో చెమ్మ కొలిచే మీటర్ పెట్టి చూడు అన్నాడు, గోడకి ఆనిస్తే ఎర్ర లైటు, కుయ్యిమని చప్పుడు, నేను నోట్‌బుక్‌లో ధైర్యంగా రైజింగ్ డ్యాంప్ (నేల నుంచి గోడలోకి ఎక్కే చెమ్మ) అని రాసేశా. ఆయన ఏం అనలేదు, బయటికి రా అన్నాడు. బయట గోడ పక్కన కాంక్రీటు దారి. గోడలో గాలి ఆడటానికి పెట్టే కన్నాల ఇటుక ఉంటుంది, అది సగం ఆ కాంక్రీటులో పూడిపోయి ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో దారి అంచున కొంచెం గీరాడు, ఇటుకల మధ్య మోర్టార్‌లోంచి నల్లగా సన్నగా ఒక గీత కనిపించింది, పలక. రాతి పలక ముక్కలు, నేల చెమ్మ పైకి ఎక్కకుండా కట్టినప్పుడే వరసగా వేసింది. అది నేలకి 150 మిల్లీమీటర్లు పైన ఉండాలి, ఇక్కడ దారికంటే ఒక అంగుళం కింద ఉంది.

పాత దారి మీదే కొత్త కాంక్రీటు, దాని మీద ఇంకోసారి, అలా పోసుకుంటూ పోయారన్నమాట. నాకు టక్కున మా అమ్మమ్మగారి ఇల్లు గుర్తొచ్చింది, పంచాయతీవాళ్ళు రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఇల్లు పల్లంలోకి పోయి, వానాకాలం వస్తే గడప దాటి నీళ్ళు, గోడలకి నెమ్ము, తాతయ్య ఏటేటా సున్నం కొట్టించేవారు, మళ్ళీ ఊడేది. అదే జబ్బు. లెస్టర్‌లో కన్నాలూ పెట్టలేదు, కెమికలూ పొయ్యలేదు, గోడ వెంబడి దారి కోసి కిందకి దించారు, పూడిన కన్నాలు తీశారు, లోపల పాడైన ప్లాస్టర్ గీకేసి సున్నంతో చేయించారు. కొటేషన్‌లో నాలుగో వంతు కూడా అవ్వలేదు.

బి.ఆర్క్ అయిదేళ్ళలో నేను గీసిన గోడల్లో ఒక్కటి కూడా తడవలేదండి! ఎందుకంటే అవి ఏవీ కట్టలేదు. కాలేజీని తిట్టడానికి కాదు ఈ మాట, ఆర్కిటెక్చర్ చదువు స్వభావమే అది, ఇంకా లేనిదాన్ని ఊహించడం నేర్పుతుంది. స్టూడియో, రాత్రిళ్ళు షీట్లు, మోడల్‌కి ఫెవిక్విక్, పొద్దున జ్యూరీలో ఎవరో బయటి నుంచి వచ్చి "కాన్సెప్ట్ ఏంటి" అని ఒక్క ముక్కతో మూడు వారాల పని పక్కన పడేయడం, ఇక్కడ దాన్నే క్రిట్ అంటారు. దాన్ని కూడా ఎంజాయ్ చేసేవాళ్ళు ఉన్నారు, మా బ్యాచ్‌లో ఒకమ్మాయి తిట్లు తిని వచ్చి అదే సాయంత్రం మొత్తం చింపేసి మళ్ళీ మొదలెట్టేది, మొహంలో చిరాకు కూడా ఉండేది కాదు. తను పుట్టు ఆర్కిటెక్టు. నేను కాదు, నాకు సైట్ విజిట్ రోజులే బాగుండేవి, అది తెలుసుకోడానికి పదేళ్ళు పట్టింది.

ఏళ్ళ లెక్కకి వస్తే, యూకేలో ఆర్కిటెక్ట్ అవ్వాలంటే పార్ట్ 1 డిగ్రీ 3 ఏళ్ళు, మధ్యలో ఆఫీసులో పని, పార్ట్ 2 ఇంకో 2 ఏళ్ళు, మళ్ళీ పని, పార్ట్ 3 పరీక్ష, అన్నీ సవ్యంగా జరిగితే 7 ఏళ్ళు, నాకు తెలిసినవాళ్ళలో ఎవరూ 9కి తక్కువలో అవ్వలేదు. అప్పటిదాకా ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు, 1997 చట్టం ప్రకారం ఏఆర్‌బీ అనే ఆర్కిటెక్టుల రిజిస్ట్రేషన్ బోర్డులో రిజిస్టర్ అయినవాళ్ళకే ఆ పేరు. నా బి.ఆర్క్ ఇక్కడ నేరుగా చెల్లలేదు, పార్ట్ 1కి పార్ట్ 2కి సమానం అని వాళ్ళ పరీక్షల్లో నిరూపించుకోవాల్సి ఉండేది, ఈలోగా ఏడాది పైన ఆ ఆఫీసులో డోర్ షెడ్యూళ్ళు అనే తలుపుల జాబితాలు, టాయిలెట్ లేఔట్లే గీశా. మీ అమ్మాయికి ఆ బాధ లేదు, ఇక్కడే మొదలెడుతుంది. ఏఆర్‌బీ ఈ పార్టుల పద్ధతిని మార్చే పనిలో కూడా ఉంది, చేరేముందు వాళ్ళ సైట్లో ఒకసారి చూసుకోండి.

సర్వేయింగ్‌లో ఆర్ఐసీఎస్ గుర్తింపు ఉన్న డిగ్రీ 3 ఏళ్ళు, మధ్యలో ఏడాది ప్లేస్‌మెంట్ (కంపెనీలో పని) పెట్టుకుంటే 4, తర్వాత జీతం తీసుకుంటూనే మామూలుగా 24 నెలలు ఏపీసీ అనే, చార్టర్డ్ అవ్వడానికి చేసే ట్రైనింగ్, చివర్లో 3,000 పదాల కేస్ స్టడీ, గంటసేపు ఇంటర్వ్యూ. ఆ గంట తేలిక అనుకోకండి, నేను 2017లో మొదటిసారి రిఫర్ అయ్యా, రిఫర్ అంటే మర్యాదగా ఫెయిల్ అన్నమాట. క్లయింటు దీపావళికి స్వీట్ బాక్స్ ఇస్తే ఏం చేస్తావు లాంటి ఎథిక్స్ ప్రశ్నకి బాగానే చెప్పా, కాంట్రాక్టు కింద టైమ్ పొడిగింపు గురించి అడిగితే మాత్రం తడబడి ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పా. తర్వాతి ఏడాది అయింది. ఇంకో దారి ఉంది, డిగ్రీ అప్రెంటిస్‌షిప్, కంపెనీలో జీతానికి చేస్తూ వారానికి ఒకరోజు యూనివర్సిటీకి వెళ్ళడం, ఫీజు విద్యార్థి కట్టక్కర్లేదు. అప్రెంటిస్ అనగానే మనవాళ్ళకి ఐటీఐ గుర్తొస్తుంది, మీవారికి ఈ మాట మీరే మెల్లగా చెప్పాలి. మా ఆఫీసులో ఇద్దరు అలా వచ్చినవాళ్ళే, పైసా అప్పు లేదు, నాకంటే గట్టిగా నాలుగేళ్ళు చిన్న వయసులోనే చార్టర్డ్ అయ్యారు.

పని దొరుకుతుందా అంటే, 2017 జూన్‌లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయాక ఈ దేశంలో ఎత్తు బిల్డింగుల మీద క్లాడింగ్ (బయట గోడలకి తొడిగే పలకలు) అంతా మళ్ళీ చూడాల్సి వచ్చింది, 2022లో బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చింది, 2023లో స్కూళ్ళు తెరిచే ముందురోజుల్లో ఆర్ఏఏసీ అనే, కూలే భయమున్న గుల్ల కాంక్రీటు గొడవ. ఇవన్నీ మా బల్ల మీదకే వస్తాయి. ఇక కష్టాలంటారా, జనవరిలో చలిగాలికి కప్పు మీద నిలబడాలి, అటకల్లో ఎలకలు, పాత బిల్డింగయితే ఆస్బెస్టాస్ భయం, అన్నిటికంటే ముఖ్యం రిపోర్టులు. వారంలో రెండ్రోజులు చూడటం అయితే మూడ్రోజులు రాయడం. రాయడం అంటే విసుగున్న పిల్లలకి ఈ ఉద్యోగం పడదు, గీయడం రాకపోయినా ఫరవాలేదు గానీ.

ఆర్కిటెక్చర్ చేసినవాళ్ళు తర్వాత నాలాగా ఇటు రావచ్చు, వేరే డిగ్రీ వాళ్ళు మారడానికి కన్వర్షన్ కోర్సులు ఉన్నాయి. సర్వేయింగ్ చేసి అటు వెళ్ళాలంటే మాత్రం దాదాపు మొదటి మెట్టు నుంచే. అలాగని "ముందు ఆర్కిటెక్చర్ చేర్చేద్దాం, నచ్చకపోతే అప్పుడు చూద్దాం" అనుకోకండి, ఆ ప్లాన్ ఖరీదు నాకు తెలుసు. ఎప్పటికైనా హైదరాబాద్ వెళ్ళిపోదాం అనే ఆలోచన ఉంటే ఇంకోటి, బిల్డింగ్ సర్వేయర్ అనే పేరుతో అక్కడ ఉద్యోగం లేదు. ఆస్ట్రేలియాలో ఉంది కానీ అక్కడ ఆ పేరుకి అర్థం వేరు, కట్టేవాటికి పర్మిట్లు ఇచ్చి తనిఖీ చేసేవాళ్ళు.

నన్నడిగితే మార్కులూ జీతాలూ పక్కన పెట్టి పాప ఫోన్‌లో ఫోటోలు చూడండి. ఏ ఊరు వెళ్ళినా ఏం తీసింది? కొత్త బిల్డింగ్ మొత్తం ఫ్రేమ్‌లో పట్టేలా తీసిందా, లేక పాత గోడకి పగులు, తుప్పు పట్టిన గొట్టం, ఊడిన సున్నం దగ్గరికెళ్ళి తీసిందా. నా పాత ఆల్బమ్‌లో ఛార్మినార్ ఫోటోలు 14 ఉన్నాయి, 11 దగ్గర నుంచి తీసిన గచ్చు ముక్కలే, అప్పుడే అర్థమవ్వాల్సింది. ఎవరూ అడక్కుండా కూర్చుని బొమ్మలు గీసే పిల్లయితే మాత్రం ఏళ్ళు ఎక్కువైనా ఆర్కిటెక్చర్‌కే పంపండి, ఆపితే మిమ్మల్ని క్షమించదు.

యూకాస్‌లో, అంటే ఇక్కడ యూనివర్సిటీలకి అప్లై చేసే చోట, అయిదు ఛాయిస్‌లకీ ఒకటే పర్సనల్ స్టేట్‌మెంట్ వెళ్తుంది, అందులో రెండు కోర్సులకీ సరిపోయేలా రాయడం కష్టం, అందుకే అప్లై చేసేముందే తేల్చుకోవాలి. ఆర్కిటెక్చర్‌కి చాలాచోట్ల పోర్ట్‌ఫోలియో (తను చేసిన బొమ్మలు, పనుల కట్ట) అడుగుతారు, సర్వేయింగ్‌కి మామూలుగా అడగరు. రెడింగ్, నాటింగ్‌హామ్ ట్రెంట్, నార్తంబ్రియా లాంటిచోట్ల రెండు కోర్సులూ ఉన్నాయి, ఓపెన్ డేకి వెళ్ళినప్పుడు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకోటి కూర్చోమనండి, ప్రొఫెసర్ల మాటలకంటే అక్కడ సెకండియర్ పిల్లల్ని పట్టుకుని నిన్న ఏం చేశారు అని అడగమనండి.

మీరు లెస్టర్ చుట్టుపక్కలే అని రాశారు కాబట్టి హాఫ్ టర్మ్ సెలవుల్లో రెండ్రోజులు మా ఆఫీసుకి పంపండి, అడిగి చూస్తా, పద్దెనిమిది నిండకపోతే ఇన్సూరెన్స్ ఫారమ్ మీద మీ సంతకం కావాలి. హెల్మెట్, జాకెట్ మేమే ఇస్తాం. సేఫ్టీ బూట్లు మాత్రం కొనుక్కోవాలి, మా అల్మారాలో ఉన్నవన్నీ 9వ సైజు పైనే.