మీ ప్రశ్న, మెకానిక్ జవాబు: పాత బోటు ఇంజిన్‌కి కొత్త హెడ్లు

ప్రశ్న: సర్, మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. లేక్ టెక్సోమాలో తిప్పే మా బోటు 1989 నాటిది. మెర్‌క్రూజర్ 5.7 లీటర్ల 260 ఇంజిన్, ప్రొపెల్లర్‌ని తిప్పేది ఆల్ఫా వన్ డ్రైవ్. ఇంజిన్‌ని చెరువు నీళ్లే చల్లబరుస్తాయి. హెడ్‌కీ (సిలిండర్ల పైన వాల్వులుండే మూత) బ్లాక్‌కీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయి ఆయిల్‌లో నీళ్లు కలిశాయి, ఇంజిన్ దించేశాం. బ్లాక్ 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) బోర్ చేయించి, అంటే సిలిండర్లు అంత వెడల్పు చేయించి, ఫ్లాట్ టాప్ (పైన చదునుగా ఉండే) పిస్టన్లు వేద్దామనుకుంటున్నాం. ఎలాగూ విప్పారు కదా, అల్యూమినియం హెడ్లు, పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) వేసెయ్యండి అంటున్నారు మా బావగారు. ఆయన తన కార్లకు అలాగే చేస్తారు. పాత హెడ్లు బాగు చేయించాలా, కొత్తవి కొనాలా?
– కె.ఆర్., ఫ్రిస్కో

జవాబు: కె.ఆర్. గారూ, హెడ్లు మార్చండి. కానీ కాస్ట్ ఐరన్‌వే వేయండి. క్యామ్ దగ్గర మాత్రం ఆశ పడకండి. ఇంకో మాట: పిస్టన్లు ఇంకా కొనలేదంటే కొంచెం ఆగండి. ముందు హెడ్ తేలాలి, దాన్ని బట్టే పిస్టన్.

మీ బావగారు చెప్పింది కారుకి సరిపోతుంది. కారు స్పీడు అందుకున్నాక ఇంజిన్‌కి పని తగ్గిపోతుంది. బోటుకి ఆ సుఖం లేదు. లోడు లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు, థ్రాటిల్ తెరిచి ఉన్నంతసేపూ నీటిని తోసుకుంటూ పోవాల్సిందే. ఆ వేడంతా పడేది ఎగ్జాస్ట్ వాల్వుల మీద. అందుకే ఏ హెడ్ కొన్నా ముందు వాల్వులు ఏ మెటల్‌తో చేశారో, ఎగ్జాస్ట్ సీట్లు గట్టిపరిచినవో కావో అడగండి. పోర్టు సైజు సంగతి ఆ తర్వాత.

అల్యూమినియం ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. అది వేడిని త్వరగా వదులుతుంది, మంచిదే. కానీ మీ ఇంజిన్‌లో తిరిగేది టెక్సోమా నీరు. రెడ్ రివర్ మోసుకొచ్చే ఉప్పు అందులో ఉంటుంది. సముద్రపు చేప స్ట్రైప్డ్ బాస్ ఆ రిజర్వాయర్‌లో తనంతట తానే సంతతి పెంచుకుంటోందంటే ఆ ఉప్పు కూడా ఒక కారణమే. ఇనుప బ్లాక్ మీద అల్యూమినియం హెడ్ పెట్టి మధ్యలో ఉప్పునీరు తిప్పితే అల్యూమినియమే కరుగుతుంది. గ్యాస్కెట్ కూర్చునే చోట నీటి రంధ్రాల అంచులు తినేసుకుపోతాయి. కూలెంట్‌తో నడిచే క్లోజ్డ్ కూలింగ్ ఉంటే లెక్క వేరు, మీకు అది లేదు.

ఇక క్యామ్. మీ బోటు ఎగ్జాస్ట్‌లో పొగతో పాటు నీళ్లూ పోతాయి. పెద్ద క్యామ్ వేస్తే రెండు వాల్వులూ ఒకేసారి తెరుచుకుని ఉండే సమయం పెరుగుతుంది. తక్కువ స్పీడులో ఆ నీటి తుంపర వెనక్కి సిలిండర్‌లోకి చేరుతుంది. ఇలా పాడైన హెడ్లు మా షాపుకి వస్తూనే ఉంటాయి. వాల్వు తీసి తిరగేస్తే ఎగ్జాస్ట్ సీటు చుట్టూ సన్నటి ఎర్రటి తుప్పు గీత, వాల్వు కాడ మీద గుంటలు. పక్కనే ఇన్‌టేక్ వాల్వు మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఆ గీత చూస్తే చాలు, ఏ క్యామ్ వేశారో అడగక్కర్లేదు. మీ పాత హెడ్లు కూడా ఒకసారి అలా తిరగేసి చూడండి.

నేనైతే వోర్టెక్ డిజైన్ ఇనుప హెడ్లు వేస్తాను. 1996లో షెవర్లే ట్రక్కులతో వచ్చిన డిజైన్ ఇది. పాత వాటికంటే గాలి బాగా పీలుస్తుంది. మెరైన్ వాల్వులు వేసినవే తీసుకోండి. దీని ఛాంబర్ (హెడ్‌లో పెట్రోలు మండే చోటు) 64 సీసీలు. ఆ కాలం 350 (మీ 5.7 లీటర్లే, క్యూబిక్ అంగుళాల్లో) హెడ్లలో చాలావాటికి 76 సీసీలు. మీవి ఎంతో కొలిచి చూడండి: ఛాంబర్ మీద అద్దం లాంటి ప్లాస్టిక్ పలక అంటించి, బ్యూరెట్‌తో (గీతలున్న కొలత గొట్టం) రంగు నీళ్లు పోస్తే తెలిసిపోతుంది. గ్యాస్కెట్ మందం 40 థౌ, పిస్టన్ డెక్‌కి (బ్లాక్ పై అంచు) 25 థౌ కిందకి ఆగుతుందనుకుంటే, ఫ్లాట్ టాప్ పిస్టన్లతో 76 సీసీలకు కంప్రెషన్ నిష్పత్తి సుమారు 8.6 వస్తుంది. అదే 64కి మారిస్తే 9.7! మెరీనా పంపుల్లో చాలాచోట్ల 87 ఆక్టేన్ పెట్రోలే దొరుకుతుంది. ఆ పెట్రోలుతో 9.7 అంటే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు మండడం) భయం ఉంటుంది. కారులో అయితే ఆ టకటక వినిపిస్తుంది, బోటు హోరులో మీకు వినపడదు. పిస్టన్ పగిలాకే తెలుస్తుంది. అందుకే 12 సీసీల గుంట ఉన్న పిస్టన్లు తీసుకోండి, 9.1 దగ్గర ఆగుతుంది. పిస్టన్లు ఆగమన్నది ఇందుకే.

వోర్టెక్ వేస్తే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (హెడ్లకు గాలి, పెట్రోలు పంచే భాగం) కూడా మార్చాలి. పాతది 12 బోల్టులది, దీనికి 8. రాకర్లు (వాల్వుల్ని నొక్కే చేతులు), వాల్వ్ కవర్లు మీవి సరిపోతాయో లేదో కూడా చూసుకోండి. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. హెడ్ బోల్టులు నీటి జాకెట్‌లోకి దిగుతాయి కాబట్టి మరలకు సీలెంట్ రాయడం మరిచిపోవద్దు. గ్యాస్కెట్ మెరైన్‌దే అడగండి.

డబ్బు పెట్టే ముందు బ్లాక్‌కి ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే గ్యాస్కెట్టే కారణమని ఊహించుకోకండి. 2021 ఫిబ్రవరి గడ్డకట్టే చలికి, నీళ్లు తీయకుండా వదిలేసిన బ్లాకులు టెక్సస్‌లో ఎన్నో పగిలాయి.

ఆల్ఫా వన్ డ్రైవ్ 300 హార్స్‌పవర్ దాకా ఓర్చుకుంటుంది, అంతకు మించి ఆశించకండి. పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం మాన్యువల్‌లో ఉన్న హద్దు దాటితే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి బోటుని ముందుకి తోసే దూరం) పెంచండి. 2 అంగుళాలు పెంచితే ఆర్‌పీఎం 300 నుంచి 400 దాకా తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దని బతిమాలుతున్నాను. స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, కార్బ్యురేటర్, ఫ్యూయల్ పంప్ కారువి వేయకండి. మూసి ఉన్న ఇంజిన్ అరలో పెట్రోలు ఆవిరి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. మీ పిల్లలు కూర్చునే సీటు దాని ముందే ఉంటుంది.

ప్రశ్న: గాల్వెస్టన్ బేలో తిప్పే మా సెకండ్‌హ్యాండ్ బోటు వి8కి పాత ఓనరు అల్యూమినియం హెడ్లు వేయించాడు. క్లోజ్డ్ కూలింగ్ ఉంది. తీసేయాలా?
– ఎస్.వి., హ్యూస్టన్

జవాబు: అక్కర్లేదమ్మా. కూలెంట్ గడువు ప్రకారం మార్చండి, కూలెంట్‌ని సముద్రపు నీటితో చల్లార్చే హీట్ ఎక్స్‌చేంజర్‌లో జింక్ ముక్క పూర్తిగా అరిగేలోపే కొత్తది వేయండి. కాకపోతే చాలా క్లోజ్డ్ కూలింగ్ సెట్లలో కూలెంట్ బ్లాక్, హెడ్ల వరకే తిరుగుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డుల్లో, రైజర్లలో (వాటి నుంచి పొగ, నీళ్లు బయటికి పోయే గొట్టాలు) ఉప్పునీరే పారుతుంది. అవి లోపల్నుంచి తుప్పు పట్టి చిల్లు పడితే నీళ్లు నేరుగా సిలిండర్‌లోకి వస్తాయి. ఏటా సీజన్‌కి ముందు రైజర్లు విప్పి చూడండి.