సమ్మె ముంచిందా, ముందే మునిగిందా?

ప్రశ్న: మా తాత బొంబాయి బట్టల మిల్లులో పనిచేసేవాడు. కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన 1982 సమ్మెలో పని పోయి సిరిసిల్ల తిరిగొచ్చి సాంచె (మరమగ్గం) నడిపాడు. 'దత్తా సామంత్ మాట విని మా పొట్ట మేమే కొట్టుకున్నం' అని ఇప్పటికీ అంటాడు. మిల్లులు సమ్మె వల్లే పోయాయా?
- ఒక పాఠకురాలు, సిరిసిల్ల

జవాబు: మీ తాత తప్పంతా తన నెత్తినే వేసుకుంటున్నారమ్మా. 1982 జనవరి 18న మొదలైన ఆ సమ్మెలో రెండు లక్షల మందికి పైగా దిగారు, ఏడాది దాటినా తెగలేదు, అన్ని నెలలు జీతం లేకపోతే ఇళ్లు గుల్లయ్యాయన్నది నిజమే. కానీ అది సగం కథ. అప్పటి చట్టం ప్రకారం యాజమాన్యంతో బేరమాడే హక్కు ఒకే ఒక్క గుర్తింపు సంఘానిది, దాన్ని చాలామంది కార్మికులు నమ్మేవాళ్లు కాదు, సామంత్ దగ్గరికి వెళ్లిందీ అందుకే.

మిగతా సగం మగ్గాల దగ్గర ఉంది. చాలా మిల్లుల్లో యంత్రాలు ముసలివైపోయాయి, లాభాలొచ్చిన ఏళ్లలో కూడా ఆ డబ్బు కొత్త మగ్గాలకు రాకుండా వేరే వ్యాపారాల్లోకి పోయింది. నేత పనేమో యూనియన్ లేని, కూలి తక్కువైన, బొంబాయి దగ్గరి భివండి పవర్‌లూమ్‌లకు జారిపోయింది, అక్కడ నేసిన గుడ్డ మీద మిల్లు ముద్ర పడేది. పెట్టుబడి వెనక్కి తీసుకోవడమంటే గేటుకు తాళం వేసిన రోజు జరిగేది కాదు, అంతకు ఏళ్ల ముందు మరమ్మతులు ఆపేసినప్పుడే మొదలవుతుంది. సమ్మెతో యజమానులకు మంచి సాకు దొరికినట్టయింది (నా ఉద్దేశంలో వాళ్లకు రాజీ అవసరమే లేకపోయింది).

ఇక నేల సంగతి. మిల్లుల కింద సుమారు 600 ఎకరాలు, అదీ బొంబాయి నడిబొడ్డున! 1991 నిబంధన ఆ జాగాను మూడు వాటాలు చేయమంది: నగరానికి ఖాళీ స్థలం, సర్కారు ఇళ్లు, యజమాని. 2001లో దాన్ని మార్చి, కట్టడాలు లేని జాగాకే ఈ పంపకం అన్నారు. మిల్లు జాగాలో ఎక్కువ భాగం షెడ్లే కదా, ఇక పంచడానికేం మిగులుతుంది? 2006లో సుప్రీంకోర్టు యజమానుల వైపే తీర్పిచ్చింది. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద మాల్.

ఒక్క పని చేయండి. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లు రోల్‌లో (కార్మికుల జాబితాలో) ఉన్నవాళ్లకు, వారసులకు మహారాష్ట్ర గృహ సంస్థ మ్హాడా లాటరీలో ఇళ్లు ఇస్తోంది. గడువు, అర్హత వాళ్లనే అడగండి. ముందు మీ తాత ట్రంకుపెట్టెలో ఈఎస్ఐ కార్డో, జీతం చీటీయో ఉందేమో వెతకండి.