యోగా టీచరుకి ముందు డ్యూటీ చార్టు

అమ్మాయికి బాబాయి ఆశీర్వాదాలు.

నీ వాట్సాప్ చదివాను. నాన్నగారు గల్లా నీకు అప్పజెప్పాక నన్ను చాలా అడిగావు గానీ, ఇలాంటిది అడగడం ఇదే మొదలు. మన చీరల షాపులో పనిచేసే పిల్లల మనసులు బాగుండాలంటే ఏం చెయ్యాలి, అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినోత్సవానికి ఒక యోగా టీచర్ని, ఒక కౌన్సెలర్ని పిలిపిస్తే ఎలా ఉంటుంది అన్నావు. పిలిపించు, తప్పేం లేదు. కాకపోతే అది ఆఖర్న చేసే పని. ఈలోగా ఆషాఢం సేలు, శ్రావణం, వినాయక చవితి వచ్చిపడతాయి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్న పిల్లని కూర్చోబెట్టి శ్వాస మీద ధ్యాస పెట్టమంటే పాపం అక్కడే కునుకు తీస్తుంది.

బెంగళూరు ఆఫీసులో అందరూ బర్న్‌అవుట్ గురించి మాట్లాడేవారన్నావు కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బు అనలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా చూసుకోకపోతే వచ్చే స్థితి అంది. మరి ముందు బాగుచెయ్యాల్సింది మనిషినా, పనినా? నేను పని వైపు నుంచే చెప్తాను. బెజవాడ బీసెంట్ రోడ్డులో జన్మంతా చీరలు విప్పి మడతపెట్టించినవాణ్ణి, నాకు తెలిసింది అదే.

జీతంతో మొదలుపెట్టు. ఒకటో తారీఖంటే ఒకటో తారీఖే పడాలి. ఆ రోజు ఆదివారమైతే శనివారమే వేసెయ్యి. అయిదు రోజులు లేటయితే నీకేం తెలీదు గానీ వాళ్ళకి ఇంటద్దె, చీటీ, డ్వాక్రా వాయిదా, పిల్లాడి స్కూలు ఫీజు అన్నీ ఆ తారీఖునే నమ్ముకుని ఉంటాయి. బెజవాడలో అప్పు పుట్టడం చాలా తేలిక. 2015 డిసెంబరులో కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు నువ్వు చదువుల్లో ఉన్నావు. ఫోను చేస్తే డబ్బు ఇంటికొచ్చేది, వడ్డీ గడువు దాటితే మనుషులొచ్చేవాళ్ళు. ఇప్పుడు మనుషుల అవసరం లేకుండా లోన్ యాప్‌లు వచ్చాయి. వాయిదా తప్పితే ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు, మార్ఫింగ్ ఫొటోలు. అలాంటి ఫోను ఎప్పుడో ఒకప్పుడు మన షాపుకీ వస్తుంది. వచ్చినప్పుడు ఆ పిల్ల పేరు కౌంటరు మీద పైకి అనొద్దు. లోపలికి పిలిచి, సైబర్ ఫిర్యాదులకి 1930 నంబరుందని చెప్పి, పక్కన కూర్చుని ఫోను చేయించు.

అడ్వాన్సు అడిగితే ఇవ్వు. వడ్డీ వద్దు, ఉపన్యాసం అసలే వద్దు. కోత నాలుగైదు నెలలకి పంచు. ఎన్నాళ్ళు పనిచేసినవాళ్ళకి ఎంతవరకు ఇస్తామో ముందే రాసిపెట్టుకో. ఒకరికిచ్చి ఇంకొకరికి లేదంటే, మంచిపని చేసి కూడా చెడ్డపేరు నీకే వస్తుంది.

తర్వాత టైము. తొమ్మిదిన్నరకి మూసేస్తాం అని చెప్పి పదిన్నరకి మూసే షాపుల్లో మనుషులు ఎక్కువకాలం నిలవరు. మైలవరం, కంకిపాడు వైపు పోయేవాళ్ళు బస్టాండుకి పరుగెత్తాలి. బస్సు తప్పితే ఆటో డబ్బులు, ఇంటి దగ్గర మాటలు, మర్నాడు నిద్రకళ్ళు. తొమ్మిదీ పాతికకి పెళ్ళివారు దిగుతారు, అరవై చీరలు విప్పించి, ముహూర్తం ఇంకా పెట్టుకోలేదండీ అని లేచిపోతారు. మన వ్యాపారంలో అది తప్పదు. అందుకే రాత్రి చివరి గంటకి వేరే బ్యాచ్ పెట్టు, ఊళ్ళోనే ఉండేవాళ్ళని. మడతలు పొద్దున బ్యాచ్ వేసుకుంటుంది. వీక్ ఆఫ్ ఏ రోజో నెల ముందే గోడమీద అంటించు. దసరాలో మూలా నక్షత్రం రోజున దుర్గమ్మ కొండ దగ్గర జనాన్ని చూస్తే ఆఫులు రద్దు చెయ్యాలనిపిస్తుంది. చేస్తే చెయ్యి, కానీ దానికి బదులు ఏ తేదీన ఇస్తావో అదే కాగితం మీద ఉండాలి. మూఢంలో బేరాలుండవు కదా, ఆ రోజుల్లో ఇవ్వు. తర్వాత చూద్దాంలే అన్న సెలవు ఎప్పటికీ రాదని వాళ్ళకి బాగా తెలుసు.

కూర్చోవడం గురించి. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో అక్కడ షాపుల చట్టం మారింది. తమిళనాడులో 2021లో మారింది. స్టూళ్ళు వేయించడానికి మనకి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. కస్టమరు లేనప్పుడు కూర్చోండి అని నువ్వు నోటితో చెప్పాలి, చెప్పి కూర్చున్నవాళ్ళని చూసి మొహం చిట్లించకూడదు. ఇంకోటి, మగ మేనేజర్లు ఎవరూ నీతో అనరు గనక నేను రాస్తున్నాను. బాత్రూము రెండో ఫ్లోరులో ఒక్కటే ఉండి, వెళ్ళాలంటే సూపర్‌వైజర్ని అడగాల్సి వస్తే, ఆ పిల్లలు పొద్దుట్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు. రోహిణీ కార్తె ఎండల్లో కూడా. సాయంత్రానికి తలనొప్పి, చిరాకు, కస్టమరు మీద విసుగు. దానికి కౌన్సెలింగు ఏం చేస్తుంది? ఇంకో బాత్రూము కట్టించు. అడగకుండా వెళ్ళొచ్చని చెప్పు.

సీసీ కెమెరా దొంగల కోసం పెట్టుకున్నాం. ఇంట్లో కూర్చుని ఫోనులో చూస్తూ, మూడో కౌంటర్లో ఎవరా ఖాళీగా ఉన్నది అని గ్రూపులో మెసేజి పెట్టడానికి కాదు. ఈ అలవాటు నీకు లేదని తెలుసు, మీ అన్నయ్యకి ఉంది. ఆపించు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక గ్రూపులో ఒక్క మెసేజీ పోకూడదు, ఎవరు ఎంత అమ్మారో వరసపెట్టి వేసే ఆ పట్టీ అసలే పోకూడదు. చివర్లో ఉన్న పేరు ఎవరిదో ఆ మనిషి అన్నం ఎలా తింటుందో ఆలోచించు. తక్కువ అమ్మితే పిలిచి విడిగా చెప్పు. కాటన్ కౌంటరుకి పట్టు కౌంటరు టార్గెట్ వేశారేమో కూడా ఓసారి చూడు. నేను చూసిన షాపుల్లో సగం గొడవలు అక్కడే ఉంటాయి.

స్టాకు లెక్కలో షార్టేజీ వస్తే కౌంటరులో అందరి జీతంలో కోసే పద్ధతి ఊళ్ళో చాలాచోట్ల ఉంది. ఇంతకంటే మనసు విరిచే పని ఇంకోటి లేదు. దొంగతనం చెయ్యనివాడూ కట్టాలి, పైగా పక్కనున్నవాళ్ళని అనుమానించుకుంటూ పనిచెయ్యాలి. ఇంటికి పోయేటప్పుడు బ్యాగులు చూడటం తప్పదంటే నీ బ్యాగు, మీ అన్నయ్య బ్యాగు కూడా అదే బల్ల మీద పెట్టండి. ఆడవాళ్ళ బ్యాగు ఆడమనిషే చూడాలి, కస్టమర్లకి కనపడకుండా.

కస్టమరు అరిచినప్పుడు నువ్వు ఎటు నిలబడతావో షాపు మొత్తం చూస్తుంది. చాలామంది ఓనర్లు ముందు పిల్లని తిట్టి కస్టమర్ని చల్లబరుస్తారు. నువ్వు అలా చెయ్యకు. నేను ఈ షాపు ఓనర్నండీ, నాతో మాట్లాడండి అని మధ్యలోకి వెళ్ళు, ఆ పిల్లని మంచినీళ్ళు తాగి రమ్మను. తప్పు పిల్లదే అయితే మర్నాడు పొద్దున చెప్పొచ్చు.

ఇంకో సంగతి మన ఊరికి ప్రత్యేకం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయి. మనవాళ్ళలో చాలామందివి అటువైపు ఇళ్ళే. సామాను, సర్టిఫికెట్లు, కుట్టుమిషన్లు అన్నీ పోయాయి. అప్పట్నుంచీ గట్టి వాన పట్టిందంటే వాళ్ళ ధ్యాస షాపులో ఉండదు. ఫోను వాడరాదు అని బోర్డు పెట్టావు కదా, అలాంటి రోజున దాన్ని తీసి లోపల పెట్టు. ఇంటికి ఫోను చేసుకోనివ్వు. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళని ముందు పంపెయ్యి, జీతం కొయ్యకుండా. వానరోజు ఎలాగూ బేరాలుండవు.

ఇన్ని చేసినా కొందరికి జబ్బు వస్తుంది. మంచి ఓనరు దగ్గర షుగరు రాకుండా ఉంటుందా? ఇదీ అంతే. మన దగ్గర ఎవరూ వచ్చి నాకు డిప్రెషన్ అనరు. తలనొప్పి, గుండె దడ, గ్యాస్, నిద్ర పట్టట్లేదు అంటారు. లెక్క ఎప్పుడూ తప్పని మనిషి వరసగా బిల్లులు తప్పుతాడు, నలుగురిలో కూర్చుని తినే పిల్ల డబ్బా తెరవకుండా ఇంటికి పట్టుకుపోతుంది. రెండు వారాలు అలాగే నడిస్తే అడుగు. కౌంటరు దగ్గర కాదు, భోజనాల వేళ పక్కన కూర్చుని. ఈమధ్య నీ మొహం బాగోలేదే, ఏంటి సంగతి అంటే చాలు. ఆ తర్వాత నోరు మూసుకుని వినాలి, మనవాళ్ళకి చేతకానిది అదే. ఎదుటివాళ్ళు ఒక కష్టం చెప్తే మనవి పది చెప్తాం, తాయెత్తు కట్టించమంటాం, పెళ్ళయితే సర్దుకుంటుందంటాం.

చచ్చిపోవాలనుంది అని ఎవరైనా అంటే దాన్ని బెదిరింపుగా తీసుకోవద్దు. అనుమానంగా ఉంటే సూటిగా అడుగు, అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. ఆ మనిషిని ఒంటరిగా వదలకు. ఇంటివాళ్ళని పిలిచి, అదే పూట ఆసుపత్రికి పంపు. ఏదైనా జరిగి ప్రాణం నిలిస్తే, పోలీసు కేసని ఉద్యోగం పీకేసేవాళ్ళున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. తిరిగొస్తే కౌంటరు ఇవ్వు.

ఎక్కడికి పంపాలో ముందే తెలిసుండాలి. టెలి మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. 2022లో కేంద్రం పెట్టింది. ఆ నంబరు నోటీసు బోర్డు మీద కాదు, బాత్రూము తలుపు లోపలివైపు అంటించు. అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకుంటారు. పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, అందరికీ కట్టిస్తున్నావో లేదో అకౌంటెంటుని అడుగు. నెలకి 21,000 వరకు జీతమున్న ప్రతివాళ్ళ పేరూ ఉండాలి, నీ వాటా 3.25 శాతం, వాళ్ళది 0.75. షరతులకి లోబడి ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం జీతం జబ్బు సెలవుకి వస్తుంది. తీవ్రమైన మానసిక జబ్బులకి అంతకంటే ఎక్కువకాలమూ ఇస్తారు. ఈ సంగతి తెలీక ఎంతమంది ఉద్యోగాలు మానేశారో! మేనేజర్లకి నువ్వు తీసుకునే ఇన్సూరెన్సులో కూడా మానసిక జబ్బులు ఉండాల్సిందే, ఇందాక చెప్పిన 2017 చట్టమే ఆ మాట అంటుంది.

మందులు మొదలుపెట్టిన మర్నాడే గుణం కనపడదు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొన్నిటితో పొద్దున మత్తుగా ఉంటుంది. ఆ నెల పదకొండింటి షిఫ్టు వెయ్యి, నిచ్చెనెక్కి పై అరల్లోంచి స్టాకు దించే పని చెప్పకు. ఎందుకు షిఫ్టు మారిందని ఎవరైనా అడిగితే నేను మార్చాను అను, అంతే. జబ్బు పేరు నీ నోటినుంచి మీ ఇంట్లోవాళ్ళకి కూడా వెళ్ళకూడదు.

సూపర్‌వైజర్ల సంగతి నీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు, అయినా చెప్తున్నాను. పట్టు ఫ్లోరులో బాగా అమ్ముతాడు గదా అని ఒకణ్ణి భరిస్తున్నావు. అతని కింద ఏడాదిలో ఎంతమంది మానేశారో రిజిస్టరు తీసి చూడు. కొత్తవాళ్ళకి నేర్పడానికి అయ్యే ఖర్చు అతని అమ్మకాల్లోంచి తీసేస్తే ఎంత మిగులుతుందో నీకే తెలుస్తుంది. పదిమంది, అంతకు పైన పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి, సీనియర్ ఆడమనిషి అధ్యక్షురాలిగా, బయటినుంచి ఒకరు సభ్యులుగా. మనకి కాగితం మీద ఉందనుకుంటా. ఆ కమిటీలో ఎవరున్నారో ఫోల్డింగ్ దగ్గర పనిచేసే పిల్లని అడుగు. చెప్పలేకపోతే కమిటీ లేనట్టే.

యాభై దాటిన మన సేల్స్‌మన్‌లని మర్చిపోకు. వాళ్ళు ఏడవరు, చెప్పరు. కొత్త బిల్లింగు మిషను వచ్చినప్పట్నుంచీ ఎప్పుడు మానిపిస్తారో అని రోజూ భయపడుతూ రాత్రికి సీసా పట్టుకుంటారు. ఒక్కొక్కర్ని పిలిచి, నీ ఉద్యోగం ఉంటుంది, మిషను పని నేర్పిస్తాను అని చెప్పు. ఉంచే ఉద్దేశం లేకపోతే ఆ మాట ఇప్పుడే చెప్పి, గ్రాట్యుటీ లెక్క కట్టించి చేతికివ్వు.

ఆషాఢం డ్యూటీ చార్టు వేశాక నాకు ఫొటో పంపు, ఆఫులు ఎలా వేశావో చూస్తాను. మంగళవారం మధ్యాహ్నం బేరాలు పల్చగా ఉంటాయి, అప్పుడు ఫోన్ చెయ్యి. నాన్నగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
బాబాయి