కంట్రోల్ సిస్టమ్స్‌ను వదిలేసి రోబోటిక్స్‌లోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రోబోటిక్స్‌లో స్థిరపడాలన్నది నా కోరిక. లీనియర్ కంట్రోల్ సిస్టమ్స్‌లో వ్యవస్థ ప్రవర్తనను అంచనా వేసే గ్రాఫులైన రూట్ లోకస్, బోడే ప్లాట్లను బట్టీ పడుతున్నానే తప్ప వాటి అవసరమేమిటో అర్థం కావడం లేదు. ఆ సమయాన్ని మెషిన్ లెర్నింగ్‌కు కేటాయిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మెషిన్ లెర్నింగ్ తప్పకుండా నేర్చుకోండి. అయితే రోబో చేయి ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే ప్రోగ్రాం ఎంత తెలివైనదైనా, ఆ చేతిని అక్కడికి చేర్చి ఊగకుండా నిలపవలసింది మోటారు స్థానాన్ని కొలుస్తూ తేడాను సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ లూపే. పైగా కెమెరా చిత్రాన్ని విశ్లేషించి ఆదేశం ఇవ్వడానికి మీ ప్రోగ్రాం 0.1 సెకను తీసుకుంటుందనుకుందాం. లూప్ గెయిన్ (లూప్ చుట్టూ తిరిగేసరికి సంకేతం ఎన్ని రెట్లవుతుందో చెప్పే విలువ) సెకనుకు 5 రేడియన్ల పౌనఃపున్యం వద్ద ఒకటికి చేరుతుంటే, ఆ ఆలస్యం ఒక్కటే దాదాపు 29 డిగ్రీల ఫేజ్ మార్జిన్‌ను (అదుపు తప్పకుండా లూప్ తట్టుకోగల అదనపు ఫేజ్ వెనుకబాటును) హరిస్తుంది. మార్జిన్ అంతకంటే తక్కువగా ఉంటే రోబో అదుపు తప్పుతుంది. ప్రోగ్రాంలో ఎంత వెతికినా తప్పు కనిపించదు. పౌనఃపున్యాన్ని బట్టి గెయిన్, ఫేజ్ ఎలా మారతాయో చూపే బోడే ప్లాట్ అవసరం ఇక్కడే తెలుస్తుంది.

మీ ఇబ్బంది సబ్జెక్టులో కంటే, దాన్ని మొదలుపెట్టిన తీరులో ఉందని నాకనిపిస్తోంది. ఆ ప్లాట్లు గీయడానికి ముందు ఒక్క లూప్‌ను ఆసాంతం పరిశీలించండి. సున్నా, మైనస్ 1, మైనస్ 2 వద్ద పోల్స్ (స్పందన తీరును నిర్ణయించే మూలాలు) ఉండి, న్యూమరేటర్‌లో గెయిన్ మాత్రమే ఉన్న ఓపెన్ లూప్‌ను తీసుకుని, అవుట్‌పుట్‌ను యథాతథంగా వెనక్కి పంపే యూనిటీ ఫీడ్‌బ్యాక్‌తో మూసి, ఒక్కసారిగా మారే స్టెప్ ఇన్‌పుట్ ఇచ్చి పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో నడపండి. గెయిన్ 1 ఉన్నప్పుడు అవుట్‌పుట్ లక్ష్యాన్ని సుమారు 15 శాతం దాటి వెనక్కి వచ్చి నిలుస్తుంది. గెయిన్ 3 చేస్తే 50 శాతానికి పైగా దాటి చాలాసేపు ఊగుతుంది. 6 దగ్గర ఆ ఊగడం ఇక ఆగదు. ఒక్కో ఊపుకు సుమారు 4.4 సెకన్లు పడుతుంది. ఇప్పుడు స్థిరత్వపు హద్దును లెక్కగట్టే రౌత్ పట్టిక వేస్తే అదే 6 కాగితం మీద కనిపిస్తుంది, గెయిన్ పెరిగే కొద్దీ మూసిన లూప్ పోల్స్ కదిలే దారిని చూపే రూట్ లోకస్ గీస్తే రెండు శాఖలు ఊహా అక్షాన్ని దాటేదీ అక్కడే. ఇలా ఒకే నిజం మూడు చోట్ల కనిపించాక, బట్టీ పట్టవలసింది పెద్దగా మిగలదు.

ఈ పద్ధతులేవీ పరీక్షల కోసం పుట్టలేదు. ఆవిరి యంత్రాల వేగాన్ని అదుపు చేసే గవర్నర్లు ఎప్పుడు స్థిరంగా ఉంటాయో 1868లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ సమీకరణాలతో వివరించారు. ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్ల స్థిరత్వం గురించి ఆలోచిస్తూ ఇంజినీర్ నైక్విస్ట్ 1932లో తన సూత్రాన్ని ప్రకటించారు.

రూట్ లోకస్‌ను చేతితో అందంగా గీయడానికి పరీక్షకు కావలసినంత శ్రమ చాలు. ఉద్యోగంలో ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. పోల్ స్థానాన్ని చూసి స్పందనను ఊహించగలగడం మాత్రం మీకే రావాలి. అందుకు సంకీర్ణ సంఖ్యలు, అవకలన సమీకరణాలు కావాలి. అక్కడ తడబాటు ఉంటే ముందు వాటినే సరిచేసుకోండి. తర్వాత పీఐడీ (ప్రపోర్షనల్-ఇంటిగ్రల్-డెరివేటివ్) కంట్రోలర్, ఆపైన వ్యవస్థను స్థితి చరాలతో రాసే స్టేట్ స్పేస్ పద్ధతి నేర్చుకోవచ్చు. పారిశ్రామిక ఆటోమేషన్, మోటారు డ్రైవ్‌లు, వాహనాలు, డ్రోన్లు అన్నింటిలోనూ ఈ పునాది పనికొస్తుంది కాబట్టి, రోబోటిక్స్‌లో వెంటనే అవకాశం రాకపోయినా మీ శ్రమ వృథా కాదు. ఈ సెమిస్టర్‌లోనే తిరిగిన కోణాన్ని కొలిచే ఎన్‌కోడర్ ఉన్న చిన్న డీసీ మోటారుకు పొజిషన్ లూప్ కట్టి, మీరు లెక్కగట్టిన స్పందననూ కొలిచిన స్పందననూ ఒకే గ్రాఫ్‌లో వేయండి. ఘర్షణ వల్లా, వోల్టేజీ పరిమితి వల్లా ఆ రెండూ ఎక్కడ విడిపోయాయో ఇంటర్వ్యూలో వివరించగలిగితే, మీ మార్కుల కంటే ఆ గ్రాఫే బలంగా మాట్లాడుతుంది.