తలలో నీరు చేరితే ఎండోస్కోపీ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. కొన్ని నెలలుగా ఉదయంపూట తలనొప్పి, వాంతులు ఉంటే ఎమ్మారై తీయించాము. మెదడులో నీరు పారే దారి మూసుకుపోయిందనీ, ఎండోస్కోపీ చేయాలనీ డాక్టరుగారు చెప్పారు. కడుపులోకి గొట్టం వేసి చూసినట్లే మెదడును, వెన్నుపామును కూడా చూస్తారా? మా బంధువుల పసిపాపకు షంట్ వేశారు, మా వాడికెందుకు వేయరు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చూడటం వరకే అయితే ఎమ్మారై చాలు. కడుపులోకి నోటి నుంచి దారి ఉంది. మెదడులోకి అటువంటి దారి లేదు, పుర్రెకు రంధ్రం చేసి కొంత మెదడును దాటితేగాని లోపలి గదులు కనబడవు. కాబట్టి మీ అబ్బాయికి చేయబోయేది పరీక్ష కాదు, శస్త్రచికిత్స.

జఠరికలనే ఆ గదులలో పెద్దవారికి రోజుకు సుమారు 500 మిల్లీలీటర్ల ద్రవం ఊరుతుంది. తలలోనూ వెన్నులోనూ కలిపి ఒక సమయంలో ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే. మిగిలినది ఎప్పటికప్పుడు రక్తంలో కలిసిపోవాలి. మూడవ, నాలుగవ గదుల మధ్యనున్న సన్నని కాలువ మూసుకుపోతే ద్రవం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు పూర్తి మత్తు ఇచ్చి, నుదుటిపైన జుట్టు మొదలయ్యే చోటికి కాస్త వెనుకగా సుమారు ఒక సెంటీమీటరు రంధ్రం చేసి, ఎండోస్కోపును లోపలికి పంపి, మూడవ గది అడుగునున్న పలుచని పొరకు చిల్లుపెట్టి, చిన్న బెలూనుతో దానిని వెడల్పు చేస్తారు. మూసుకుపోయిన కాలువతో పని లేకుండా ద్రవం ఆ చిల్లు గుండా బయటికి పోతుంది. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1923లో బోస్టన్‌లో విలియం మిక్స్టర్ మూత్రమార్గాన్ని చూసే పరికరంతోనే ఈ పని చేశారు. ఆ పొర కిందనే మెదడుకు రక్తం తీసుకువెళ్లే బేసిలార్ ధమని ఉంటుంది. దానికి గాయమవడం అరుదే అయినా ప్రాణాపాయం గనుక, సంతకం పెట్టేముందు సర్జనుగారి అనుభవం గురించి మొహమాటపడకుండా అడగండి.

షంట్ అంటే ద్రవాన్ని పొట్టలోకి మళ్లించే గొట్టం. అది ఒంట్లోనే ఉండిపోతుంది, పూడుకుపోవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అయితే ఆరు నెలల లోపు పిల్లలలో చిల్లు పద్ధతి విఫలమయ్యే అవకాశం ఎక్కువ. మీ బంధువుల పాపకు షంట్ వేయడానికి కారణం బహుశా అదే. మీ అబ్బాయి వయసుకూ, అడ్డంకి ఉన్న చోటుకూ చిల్లు పద్ధతే మేలని నా అభిప్రాయం. కాకపోతే ఆ చిల్లు కొన్నేళ్ల తరువాతైనా మూసుకుపోవచ్చు; తలనొప్పి, వాంతులు, మగత తిరిగి కనబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక వెన్నుపాము. దాని చుట్టూ చోటు బాగా ఇరుకు. 1931లో న్యూయార్క్‌లో మైకేల్ బర్మన్ శవాల వెన్నులలోకి ఎండోస్కోపు పంపి చూశారుగాని, ఈనాటికీ అది మామూలు పరీక్ష కాలేదు. ప్రకటనలలో కనబడే వెన్ను ఎండోస్కోపీ సాధారణంగా నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను తీసే ఆపరేషను. మీ అబ్బాయి సమస్యకు దానితో సంబంధం లేదు.