తొమ్మిదో తరగతి ఇంగ్లిష్‌లో ఏముంటుంది, ఇంట్లో ఏం చూడాలి?

దేవరకొండ దగ్గర జెడ్పీ హైస్కూల్లో పాప తొమ్మిదిలోకి వచ్చిందని, ఇంగ్లిష్ ఎట్లుంటదని అడిగారు.

ఎనిమిది దాకా ప్రశ్న-జవాబు బట్టీ పట్టి నెట్టుకొచ్చిన పిల్లలు ఇక్కడ తడబడతారు. లెటర్, డైరీ, సంభాషణ, వార్త సొంతంగా రాయాలి. పుస్తకంలో లేని పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతారు, అక్కడ గైడ్ పనికిరాదు. ఏడాదిలో ఎఫ్‌ఏలు (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) నాలుగు, ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు) రెండు. ఎఫ్‌ఏలో రాతపని, ప్రాజెక్టుకూ మార్కులుంటాయి, నోట్సు వెనకబడనివ్వద్దు.

మార్కులు ఎక్కువగా పోయేది క్రియల దగ్గర. 'అతను వెళ్లలేదు' అనడానికి 'హీ డిడ్ నాట్ వెంట్' అని రాస్తారు. జరిగిపోయిన సంగతని 'డిడ్' ముందే చెప్పేసింది కాబట్టి, దాని తర్వాత 'గో' అనే రావాలి. లెటర్‌లో అయితే ఊరు, తేదీ, సంబోధన మర్చిపోతారు. విషయం బాగున్నా మార్కు తగ్గుతుంది.

మీకు ఇంగ్లిష్ రాకున్నా ఫర్వాలేదు. చదివిన పాఠాన్ని తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే అర్థం కానట్టే, అప్పుడు ఎంత బట్టీ పట్టినా నిలవదు. రోజూ పదిహేను నిమిషాలు పైకి చదివించండి. బత్తాయి తోట పనో, అంగడి సంగతో అయిదు వాక్యాలు రాయించి టీచర్‌తో దిద్దించండి. దిద్దిన వాక్యాన్ని పాప మళ్లీ సరిగ్గా రాసిందా లేదా తప్పకుండా చూడండి.